వడ్లు ఇల్లు చేరిన రోజు

అద్దె ఇళ్ళల్లో కాపురాలు చేసిన ఆడవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే మాటలు ఎక్కడ మొదలైనా చివరికి మేకుల దగ్గరికొచ్చి ఆగుతాయి. గోడకి మేకు కొట్టనివ్వని ఇంటిగలావిడ, రోలు వాడితే గచ్చు పగులుతుందని గుమ్మంలోనే చెప్పేసిన ఇంటిగలావిడ, వాకిట్లో ముగ్గు వేసే హక్కు కింది వాటావాళ్ళదేనని తీర్పు చెప్పిన ఇంటిగలావిడ - ఒక్కొక్కరిదీ ఒక్కో పురాణం. నేనూ హనుమకొండలో మూడిళ్ళు మారాను. ఒక ఇంట్లో మా పెళ్ళి ఫోటో రెండేళ్ళపాటు బియ్యం డబ్బా మీద గోడకి ఆనుకుని ఉండిపోయింది. మా ఇద్దరి మొహాలూ చూడాలనుకున్నవాళ్ళు వంటింట్లోకి రావలసిందే!

మొన్నామధ్య మా వదినెతో కలిసి పాలకుర్తి వెళ్ళాను. వదినె కొత్తగా ఇల్లు కట్టిస్తోంది. కనక హనుమకొండ నుంచి దారిపొడుగునా వంటింటి గట్టు ఎంత ఎత్తుండాలి, గ్రానైటు నల్లదైతే బాగుంటుందా ఎర్రదా, గోడకి అల్మార్లు కట్టిద్దామా లేక పట్నంలోలాగా చెక్కవి బిగిద్దామా - ఇదే రామాయణం. గుట్టమీద సోమేశ్వరుడికీ, పక్క గుహలో లక్ష్మీనరసింహుడికీ దణ్ణం పెట్టుకునేటప్పుడు కూడా ఆవిడ మనసులో గ్రానైటే ఉందని నా అనుమానం.

పాలకుర్తి అంటే మన అక్షరాలవాళ్ళకి ముందు గుర్తొచ్చేది పాల్కురికి సోమనాథుడు. ఒకప్పటి వరంగల్లు జిల్లా ఊరు, 2016 నుంచి జనగామ జిల్లాలో ఉంది. పోతన గారి బమ్మెర ఇక్కడికి పక్కనే. పదమూడో శతాబ్దంలో సోమనాథుడు సంస్కృతం జోలికి పోకుండా జాను తెలుగులో, ద్విపదలో బసవపురాణం రాశాడు. బి.ఏ.లో మాకు ఆ సంగతి చెప్పారు గానీ, అందులో ఎంత వంటిల్లుందో చెప్పలేదు. శివుడికి తల్లి లేదు పాపం, ఎవరు నీళ్ళు పోస్తారు, ఎవరు అన్నం పెడతారు అని బెంగపడి తానే తల్లైపోయిన బెజ్జమహాదేవి ఆ పుస్తకంలోదే. గిన్నెడు పాలు పట్టుకుని గుళ్ళోకెళ్ళి, స్వామి తాగలేదని ఏడ్చిన చిన్నపిల్ల గొడగూచీ అందులోదే. భక్తుల బట్టలు ఉతికిన మడివాలు మాచయ్య కథ కూడా ఉంది. చాకలివాణ్ణి కావ్యంలో నాయకుడిలా నిలబెట్టిన కవి ఊళ్ళోనే, ఏడువందల ఏళ్ళ తరువాత ఒక చాకలి ఇల్లాలు చరిత్రకెక్కింది. ఇలాంటివి నేను నవలలో రాస్తే, కుదిరించి రాశానంటారు పాఠకులు.

గుట్ట దిగి వస్తూ వదినె అడిగింది - "అవునే, ఐలమ్మ ఇల్లు ఎక్కడుండేదో?"

"ఆ ఇల్లు ఆనాడే తగలబెట్టిండ్రు గద వదినె," అన్నాను.

వదినె ఆగిపోయింది. పొలం కోసం కొట్లాడిన మనిషని తెలుసు ఆవిడకి. ఇంటి సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే మనందరమూ అంతే.

చిట్యాల ఐలమ్మ 1895లో రాయపర్తి దగ్గరి కృష్ణాపురంలో పుట్టింది. పాలకుర్తిలో చిట్యాల నరసింహ ఇంటికి కోడలిగా వచ్చింది. మల్లంపల్లి మక్తేదారు దగ్గర నలభై ఎకరాలు కౌలుకి తీసుకుని, అందులో నాలుగెకరాలు సాగులోకి తెచ్చారు. కౌలంటే ఏమిటండీ? భూమికి కట్టే అద్దె. మనం ఇంటికి కట్టినట్టే. కాకపోతే మనకి కష్టమొస్తే ఇంటిగలావిడ దగ్గరినుంచి వస్తుంది. ఐలమ్మకి కష్టం భూమిగలాయన దగ్గరినుంచి రాలేదు. మూడో మనిషి దగ్గరినుంచి వచ్చింది. ఆ మూడో మనిషి విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి.

ఈ దేశ్‌ముఖులు ఎవరంటే, నిజాం రాజ్యంలో వంశపారంపర్యంగా శిస్తు వసూలు చేసినవాళ్ళు. పంతొమ్మిదో శతాబ్దంలో సాలార్‌జంగ్ సంస్కరణలతో వసూలు పని సర్కారు చేతికి పోయింది గానీ, వాళ్ళకి భరణాలు మిగిలాయి, భూములు మిగిలాయి, అన్నిటికంటే ముఖ్యంగా భయం మిగిలింది. విసునూరు దొరకి నలభైవేల ఎకరాలున్నాయని పుచ్చలపల్లి సుందరయ్య గారు లెక్క రాశారు. నలభైవేల ఎకరాల ఆసామికి నాలుగెకరాల మీద కన్నెందుకు పడింది? ఎకరాల లెక్కతో చూస్తే ఎన్నటికీ అర్థం కాదు. నాకు అర్థమైనంతవరకూ దాని జవాబు వంటింట్లో ఉంది.

గడీల్లో వంట ఎలా సాగేదో చూడండి. కుండలు కుమ్మరివాళ్ళు ఊరికే ఇవ్వాలి. కట్టెలు ఇంటికొకరు చొప్పున మోసుకురావాలి. వడ్లు దంచడానికీ, పిండి విసరడానికీ ఊళ్ళో ఆడవాళ్ళు వెళ్ళాలి. బట్టలు ఉతకడం, అంట్లు తోమడం చాకలివాళ్ళ వంతు. దీనికి కూలి లేదు. దీని పేరు వెట్టి. ఇంట్లో పండుగొచ్చినా పెళ్ళొచ్చినా మామూళ్ళు సమర్పించుకోవాలి. గడీలో ఎత్తైన గోడలు, చెక్కిన దర్వాజలు, పెద్ద పెద్ద మొగసాలలు చూసి ఇప్పుడు మనం ఎంత అందం అని మురిసిపోతాం. పాత గడీల దర్వాజలు కొనుక్కొచ్చి కొత్త ఇళ్ళకి బిగించుకునే సరదా కూడా బయల్దేరింది. బిగించుకోండి, అభ్యంతరం లేదు. ఆ దర్వాజ లోపల పొయ్యి మీదికి ఎక్కిన ఎసరు ఎవరు మోసిన నీళ్ళో కూడా ఒకసారి తలుచుకుంటే బాగుంటుంది.

ఇక చాకలి ఇంటి వంట. మా అమ్మమ్మ ఊళ్ళో నా చిన్నప్పుడు కూడా చూశాను, దీపాలు పెట్టేవేళకి చాకలమ్మ గంప పట్టుకుని ఇంటింటికీ వచ్చేది. ప్రతి ఇంట్లోనూ ఇంత బువ్వ, ఇంత కూర వేసేవాళ్ళు. పంటల నాడు కళ్ళం దగ్గర కొలిచి ఇచ్చే గింజలు కాక, రోజువారీ తిండి ఇదే. మా చాకలమ్మ గంపలో పది ఇళ్ళ పప్పులు ఒకదాన్నొకటి తాకుతూ ఉండేవి. చిన్నదాన్ని కదా, ఎంత బాగుందో, రోజూ పది రకాల కూరలు అనుకునేదాన్ని. అమ్మమ్మతో అంటే నవ్వలేదు. "ఉప్పెంత వెయ్యాల్నో తన చేతిల లేని తిండి బిడ్డా అది," అంది. ఆ మాట అప్పుడు బోధపడలేదు.

అందుకే అంటున్నాను, ఆ వృత్తిలో పుట్టిన ఇల్లాలు తన పొయ్యి మీద తన గింజలు ఉడికించుకోవడం అంటే పదిమంది చూడ్డానికి చిన్న విషయమే గానీ గడీకి చిన్న విషయం కాదు. తన గింజలు తనకుంటే ఆమె గడీకి వెట్టికి రాదు. ఆమె రాకపోతే రేపు కుమ్మరి ఆడది రాదు, ఎల్లుండి ఇంకొకరు రారు. నాలుగెకరాల వడ్లతో గడీ వంటిల్లు ఆగిపోతుంది. దొరకి ఈ లెక్క బాగానే తెలుసు.

ఐలమ్మకీ తెలుసు. 1944లో భువనగిరి సభ తరువాత ఆంధ్రమహాసభ సభ్యత్వం ఒక్క అణాకే దొరికేది. పల్లెల్లో దాన్ని సంగం అనేవాళ్ళు. ఐలమ్మ కుటుంబం సంగంలో చేరింది. దాంతో సంగం నాయకులతో కలిపి ఆ ఇంటివాళ్ళ మీద కేసులు వచ్చాయి. కేసు నిలవలేదు. అప్పుడు దొర కోతకొచ్చిన పంట మీదికి మనుషుల్ని పంపాడు. ఆ రోజు జరిగింది సుందరయ్య గారి పుస్తకం "వీర తెలంగాణ విప్లవ పోరాటం - గుణపాఠాలు"లో ఉంది. దొర పంపిన గూండాలు నూరుమంది, కోతకి తోలుకొచ్చిన కూలీ ఆడామగా మరో నూరుమంది. ఎదురు నిలబడ్డ సంగం వాలంటీర్లు ఇరవై ఎనిమిది మంది. చేతుల్లో కర్రలు. గూండాలు పారిపోయారు. వాలంటీర్లు పంట కోసి, చీకటి పడేలోపల వడ్లు ఐలమ్మ ఇంటికి చేర్చారు. పోలీసులు వచ్చారు, కానీ ఆ వడ్లు ముట్టుకోవడానికి సాహసించలేదు. తరువాత భీమ్‌రెడ్డి నరసింహారెడ్డి, చకిలం యాదగిరిరావు, నల్లు ప్రతాపరెడ్డి వంటి నాయకుల్ని పట్టుకుపోయి హింసించారు.

వడ్లు ఇల్లు చేరాయి. చరిత్ర రాసే మగవాళ్ళు ఇక్కడ చుక్క పెట్టేస్తారు. ఆడవాళ్ళకి తెలుసు, అసలు పని అక్కడే మొదలని. హడావుడిగా కోసి తెచ్చిన వడ్లు పచ్చిగా ఉంటాయి. ఎండబెట్టకపోతే మొలకెత్తుతాయి, ముక్కిపోతాయి. ఎండబెట్టాలంటే వాకిట్లో పొయ్యాలి. వాకిట్లో పోస్తే పగవాడి కంట్లో పడతాయి. విత్తనాలకి వేరే తియ్యాలి. గుమ్మికి పేడతో పూత పెట్టాలి, లేకపోతే పురుగు. తిండికి కావలసినవి రోట్లో పోసి దంచాలి, చెరగాలి, నూకలు వేరు చెయ్యాలి. రోకటి పోటు రహస్యంగా వెయ్యడం కుదరదండీ. ఊరంతా వినపడుతుంది. ఆ ఇంట్లో రోకలి పడ్డ ప్రతిసారీ విసునూరు గడీకి వినపడినట్టే.

పగ ఇంటిమీదికే వచ్చింది. ఇల్లు దోచారు, తగలబెట్టారు. పొలం మీది కక్ష ఇంటిమీద ఎందుకు తీర్చుకున్నారో ఇప్పుడు నాకు వింతగా అనిపించదు. ఇంటికి నిప్పు పెడితే గుమ్మి పోతుంది, కుండలు పోతాయి, రోకలి కాలిపోతుంది. తెలంగాణ ఇళ్ళల్లో వంటర్ర మూల పసుపు పూసి బొట్టు పెట్టి కూరాడు నిలబెడతారు. ఆ కుండని ఇంటి లక్ష్మి అనుకుంటారు. ఇల్లు కాలడం అంటే గోడలూ కప్పూ కాలడం మాత్రమే కాదని చెప్పడానికి ఇది చాలు. ఇంత జరిగినా ఆమె భూమి వదల్లేదు.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య గడీ తుపాకులకి బలయ్యాడు. ఆ గడీలో ఉండేది దొర తల్లి జానమ్మ. ఒక పక్క ఆడమనిషి ఐలమ్మ, ఇంకో పక్క ఆడమనిషి జానమ్మ! ఆడవాళ్ళంతా ఒకటేనని ఉపన్యాసాలు ఇచ్చేటప్పుడు నాకు ఈ సంగతి గుర్తొచ్చి గొంతు కాస్త తగ్గుతుంది. ఆ తరువాత సాయుధ పోరాటం, 1948లో పోలీసు చర్య, 1951 అక్టోబరులో పోరాట విరమణ. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదారు అనే మాట కాగితం మీదికెక్కింది. కొన్ని ఏళ్ళ ముందు ఐలమ్మ కర్రలతో కాపాడుకున్నది ఆ హక్కునే.

పోరాటంలో తుపాకీ పట్టిన ఆడవాళ్ళని విరమణ తరువాత ఇక ఇళ్ళకి వెళ్ళండి, సంసారాలు చూసుకోండి అన్నారు. ఆ బాధ వాళ్ళ నోటే వినాలంటే స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" చదవాలి. ఐలమ్మ మాటలూ అందులో ఉన్నాయి. పుస్తకం వచ్చేనాటికి ఆమె లేదు. 1985 సెప్టెంబరు 10న పాలకుర్తిలోనే కన్నుమూసింది.

ఇంకొక్క సంగతి. హైదరాబాదు కోఠీ మహిళా కళాశాల తెలియనిదెవరికి? ఆ భవనం బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కట్టించుకున్న నివాసం. మెట్లకి రెండు పక్కలా సింహాలు, ఎత్తైన స్తంభాలు, లోపల దర్బారు హాలు, అద్దాలు, షాండ్లియర్లు. ఇంటి అలంకరణ అంటే అదీ! 1949లో ఆడపిల్లల కాలేజీ అందులోకి వచ్చింది. తరువాత విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఇల్లు కాల్చేసిన మనిషికి ఎంత ఇల్లు దొరికిందో చూశారా!

తిరుగు బస్సులో వదినె చాలాసేపు మాట్లాడలేదు. స్టేషన్ ఘనపూరు దాటాక ఉన్నట్టుండి ఫోను తీసి మేస్త్రికి చేసింది. "తమ్మీ, వంటింట్ల తూర్పు మూలకు అల్మారీ వద్దు. జాగ ఇడువు. మా అత్తమ్మ కూరాడు సామాన్లర్రల మూలకు పడేసి ఉన్నది, తెచ్చి ఆడ పెట్టుకుంట," అంది.

అవతల మేస్త్రి ఏదో అన్నాడు. గ్రానైటు కోత మారుతుందని కాబోలు.

"మారనియ్," అంది వదినె.