గింజలకు కట్టిన యిల్లు, బాటసారికి బస

జమ్మలమడుగునుండి పడమరగా సుమారు 15 కిలోమీటర్లు పోయినచో ఎఱ్ఱమల కొండలమీద గండికోట కానవచ్చును. పెన్న కొండను చీల్చుకొని పాఱు లోయను చూచుటకై అందఱును అచ్చటికి పోవుదురు. నేడు నేను చెప్పదలచినది ఆ లోయను గూర్చి కాదు. కోటలోపల, జామియా మసీదునకు చేరువను, ఎవరును అంతగా నిలిచి చూడని ధాన్యపుకొట్టు ఒకటి కలదు. కోటలోనివారికి గింజలు నిలువచేయుటకై కట్టిన ఆ కట్టడము తరువాతి కాలమున ప్రయాణికుల బంగళాగా ఉపయోగపడినట్లు స్థలవర్ణనలు తెలుపుచున్నవి. గింజలకై కట్టిన యిల్లు మనుష్యులకు బస యెట్లయినది?

పూర్వము ఈ సీమలో ప్రయాణమనగా ఎండతో పోరాటము. ప్రొద్దుటూరి ప్రత్తిబండ్లు గాని, పులివెందుల వైపునుండి వచ్చు రైతులు గాని, చల్లని వేళల నడచి మధ్యాహ్నము నీడపట్టున ఆగవలసినదే. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేఱి కడప మీదుగా పోయిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ యాత్రాచరిత్రలో మజిలీ మజిలీకి వ్రాసికొన్న సంగతులేవి? దిగుటకు తావున్నదా, నీరు మంచిదా, అంగళ్లున్నవా అనునవియే. బాటసారి కోరునవి నాటికిని నేటికిని ఇవియే గదా.

ఈ కోరికను తీర్చుటకు మన పల్లెల పనివారికి తెలిసిన మార్గములు రెండు. మొదటిది మిద్దె. గోడలమీద దూలములు, వాటిపై దంతెలు, వాటిపై నాపబండలు గాని చెక్కలు గాని పేర్చి, మట్టి పోసి, వాననీరు దిగకుండ పైన చౌడు పఱతురు. ఇది చల్లని యిల్లే. కాని దూలము ఎంత పొడవో గది అంతే వెడల్పు. దూలమునకు చెద పట్టినచో కప్పునకే ముప్పు. రెండవది రాతి మండపము. దీనికి చెద భయము లేదు గాని, రాతిదూలము పొడవు కాజాలదు గనుక అడుగడుగునకు స్తంభము నిలుపవలెను.

గండికోట కొట్టు కట్టినవారు ఈ రెంటిని విడిచి కమాను కప్పు నెన్నుకొనిరి. వంతెన కమానును వెనుకకు సాగదీసినచో ఎట్లుండునో ఆ కప్పు అట్లుండును. దానికి దూలము అక్కఱలేదు. రాయి రాతిని ఒత్తుకొని, బరువంతయు ఇరుప్రక్కల గోడలమీదికి దిగును. ఆ బరువు గోడలను వెలుపలికి నెట్టును గనుక గోడలు మిక్కిలి మందముగా ఉండక తప్పదు. ఈ మందమే మేలైనది. మధ్యాహ్నపు వేడిమి గోడను దాటి లోపలికి వచ్చునప్పటికి ప్రొద్దు వాలును. వెచ్చని గాలి ఎత్తైన కప్పు క్రిందికి చేరి, నేలదగ్గఱ చల్లదనము నిలుచును. గింజ చెడకుండుటకు తడిలేని చల్లనిచోటు కావలెను. ఎండబడి వచ్చిన మనుష్యునకును అదియే కావలెను.

కోటకు ఏలికలు మాఱిరి. పెమ్మసాని నాయకులనుండి మీర్ జుమ్లా దానిని 1650లో గైకొనెను. అతనిని చూచుటకు ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 1652లో ఇచ్చటికి వచ్చెను. 1791లో ఇంగ్లీషు సేన కోటను పట్టుకొనెను. 1800లో ఈ సీమ దత్తమండలములలో చేరి కుంపిణీ పాలనలోనికి పోయెను. అటుపిమ్మట ముట్టడి భయమును లేదు, కొట్టులో గింజల అవసరమును లేదు. కోటలోని భవనములు పెక్కు శిథిలములాయెను. ఈ కొట్టునకు మాత్రము క్రొత్తపని దొరకెను. మనుష్యుడు మసలు ఇంటిని ఎవరో ఒకరు ఊడ్తురు, తలుపు వేయుదురు, పగులు కనబడినచో సున్నము పూయుదురు.

అయితే ఆ ఆదరణ అందఱికిని సమానముగా అందినదని చెప్పజాలము. బంగళాలలో దొరలకును ఉద్యోగులకును అగ్రస్థానము. బండి తోలుకొని వచ్చిన రైతునకు చెట్టునీడయే బంగళా. మన సత్రములు వెల పుచ్చుకొనక అన్నము పెట్టినమాట నిజమే. పెక్కింట కులమునుబట్టి పంక్తి వేఱుచేసినదియు నిజమే. చల్లదనమును కల్పించుట ఎఱిగినవారము, దానిని పంచుకొనుట ఆలస్యముగా నేర్చుకొంటిమి.

ఇప్పుడు గండికోటకు మఱల అతిథులు వచ్చుచున్నారు. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థవారు కోట వెలుపల బస కట్టించిరి. 2023 జూలైలో ఒబెరాయ్ సంస్థవారి విలాసపు హోటలునకు శంకుస్థాపన జరిగెను. క్రొత్తవి కట్టవలసినదే. కాని వానిని కట్టువారు ముందుగా ఆ పాతకొట్టులోనికి పోయి ఒక వేసవి మధ్యాహ్నము గడపుట మంచిది. అద్దపుగోడలు నిలిపి, లోపలి వేడిమిని యంత్రములతో బయటికి త్రోయుటకంటె సులువైన ఉపాయము అచ్చటనే కలదు.

శ్రోతలలో ఎవరైనను గండికోటకు పోయినచో లోయను తనివితీర చూడుడు. తిరిగివచ్చునప్పుడు ఒక్క నిమిషము ఆ కొట్టులో నిలిచి, గోడమీద అరచేయి ఉంచుడు. కట్టిన మేస్త్రీ పేరు మనకు తెలియదు. అతని పనితనము మాత్రము చేతికి చల్లగా తగులును.