వేడిని చూసే కన్ను: బందరు నుంచి గౌడవెల్లి దాకా

సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్‌కు సాగే రైలుమార్గం నిజాం రాజ్యంలో 1899–1901 మధ్య మీటర్ గేజి మార్గంగా పడింది. ఆ మార్గంలో బొల్లారం దాటాక, మేడ్చల్ ఇంకా రాకముందు తగిలే చిన్న స్టేషను గౌడవెల్లి. 2023 ఏప్రిల్‌లో ఎంఎంటీఎస్ రైళ్లు మేడ్చల్ దాకా పొడిగించడంతో ఈ ఊరు నగరానికి మరింత దగ్గరైంది. పరుపుబండలు, గుట్టలు, వాటి నడుమ చెరువులు, ఇటీవల లేచిన గోదాములు, వెంచర్లు కలగలిసిన ఈ నేలకు ఒకపక్క హకీంపేట, మరోపక్క దుండిగల్ వైమానిక స్థావరాలు ఉన్నాయి. డ్రోన్‌కు థర్మల్ కెమెరాను అమర్చే పనిలో ఈ రెండు లక్షణాలకు, అంటే పగటి వేడిని రాత్రిదాకా దాచుకునే రాతికీ, కావలి ఉన్న ఆకాశానికీ ఎంత పాత్ర ఉందో తెలియాలంటే ఆ కెమెరా పుట్టుపూర్వోత్తరాలను కొంత తడమవలసి ఉంటుంది. కెమెరా మాడ్యూల్ ఎంపికను తయారీదారు ఇచ్చే పట్టికలోని అంకెలను పోల్చే పనిగా చూడడం పరిపాటి అయినా, ఆ అంకెలలో చాలామట్టుకు రాజ్యాల నిషేధాలూ అనుమతులూ మిగిల్చిపోయిన గుర్తులే.

సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, ఎరుపు రంగుకు ఆవల ఏ వెలుగూ కనిపించని చోట ఉంచిన ఉష్ణమాపకంలో పాదరసం పైకి లేవడాన్ని విలియం హెర్షెల్ 1800లో గమనించాడు. పరారుణ కిరణాల చరిత్ర అక్కడ మొదలైంది. సుమారు 1880 నాటికి అమెరికన్ శాస్త్రవేత్త శామ్యూల్ లాంగ్లీ, వేడి తగిలినప్పుడు లోహపు పలుచని రేకులో విద్యుత్ నిరోధం మారడాన్ని ఆధారం చేసుకుని బోలోమీటర్ అనే పరికరాన్ని రూపొందించాడు. నేడు డ్రోన్ల కింద వేలాడే కెమెరాలలో అత్యధికం ఈ సూత్రానికే వారసులు. ఒక్కో చుక్కకు, అంటే ఒక్కో పిక్సెల్‌కు, ఒక్కో సూక్ష్మమైన బోలోమీటర్‌ను నిలిపితే మైక్రోబోలోమీటర్ ఫలకం తయారవుతుంది. మనుషులు, పశువులు, నేల తమంతట తాము వెలువరించే 8 నుంచి 14 మైక్రాన్ల తరంగాలను అది పట్టుకుంటుంది. దానికి వెలుగుతో పని లేదు. నక్షత్రాల వెలుగును పెంచి చూపే పాత తరహా నైట్ విజన్ పరికరాలకూ దీనికీ ఉన్న అసలు తేడా అదే, కాకపోతే వాడుకలో ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలిచే అలవాటు ఇప్పటికీ పోలేదు.

తెలుగునాట ఈ విద్యకు మొదటి చిరునామా హైదరాబాద్ కాదు, బందరు, అంటే మచిలీపట్నం. అక్కడ 1926లో శాస్త్రీయ పరికరాల తయారీకి వెలసిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తనలో కలుపుకుంది. ఆ తరువాత మచిలీపట్నం కర్మాగారం సైన్యానికి రాత్రిచూపు పరికరాలను, కాలక్రమేణా థర్మల్ కెమెరాలను అందించే కేంద్రంగా మారింది. దాని కొనసాగింపుగా కృష్ణా జిల్లా నిమ్మలూరులో కట్టిన కొత్త కర్మాగారాన్ని 2025 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. బడుల ప్రయోగశాలల సామగ్రితో ఎదిగిన ఊరు యుద్ధట్యాంకు కంటికి చేరడం చిన్న ప్రయాణమేమీ కాదు.

హైదరాబాద్ పాఠం వేరు, అది కష్టపడి నేర్చుకున్నది. 1983లో మొదలైన సమీకృత క్షిపణి అభివృద్ధి కార్యక్రమంలో భాగంగా, ట్యాంకులను ఛేదించే నాగ్ క్షిపణికి పరారుణ చిత్రాన్ని చూసి లక్ష్యాన్ని వెంటాడే సీకర్‌ను ఇక్కడి రీసెర్చ్ సెంటర్ ఇమారత్ చేపట్టింది. ఇది బాగా చల్లబరిచి వాడే ఖరీదైన జాతి కెమెరా. అయినా రాజస్థాన్ ఎడారిలో మండువేసవి పరీక్షలు జరిపినప్పుడు, కాగిన ఇసుకకూ కాగిన ట్యాంకుకూ నడుమ ఉష్ణోగ్రతా భేదం దాదాపు కరిగిపోవడంతో దూరాన ఉన్న లక్ష్యాన్ని విడిగా పోల్చుకోవడం దానికి కష్టమైంది. సీకర్‌ను మెరుగుపరిచాకే, 2020 అక్టోబరు 22న పోఖ్రాన్‌లో తుది పరీక్ష పూర్తయింది. కెమెరా ఎంత సున్నితమైనదైనా, చూడదగిన తేడా ప్రకృతిలో లేనప్పుడు అది చేయగలిగింది తక్కువ. ఈ సమస్య ఎడారికే పరిమితం కాదు. దక్కను గ్రానైటు బండ పగలంతా కాగి, పొద్దు గూకిన తరువాత మెల్లగా చల్లారుతుంది. మనిషి చర్మమూ బండా ఒకే వేడిలో ఉండే గడియలు వేసవిలో ఇక్కడా రోజూ వస్తాయి.

చల్లబరచనవసరం లేని మైక్రోబోలోమీటర్‌ను అమెరికాలోని హనీవెల్ సంస్థ సైనిక నిధులతో 1980లలో రహస్యంగా అభివృద్ధి చేసింది, ఆ రహస్యం 1992లో గానీ వెలికి రాలేదు. ఆ తరువాత ధర, బరువు రెండూ పడిపోతూ వచ్చాయి. 2014లో ఫ్లిర్ సంస్థ వేలిగోరంత లెప్టాన్‌ను, 2016లో లెన్సు లేకుండా సుమారు ఏడున్నర గ్రాములు తూగే బోసాన్‌ను విడుదల చేసింది. మాడ్యూల్ అనే మాటకు ఇక్కడ అర్థం అదే: సొంత పెట్టె, తెర, బ్యాటరీ లేకుండా, ఇంకొకరి యంత్రంలో ఒదగడానికే పుట్టిన కెమెరా గుండె. దానిని డ్రోన్ మోసే బరువుగా, అంటే పేలోడ్‌గా, మార్చే బాధ్యత అమర్చేవాడిది. వణుకును అణచే గింబల్, విద్యుత్ సరఫరా, చిత్రాన్ని నేలకు పంపే రేడియో అన్నీ అతడే సమకూర్చుకోవాలి.

భారతదేశంలో ఈ అమర్చే వృత్తికి ఊపిరి పోసింది, వింతగా, ఒక నిషేధం. 2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని, పూర్తిగా తయారైనవైనా విడదీసి తెచ్చేవైనా, ఆపివేసింది. విడిభాగాలను మాత్రం అనుమతి అక్కరలేకుండా రానిచ్చింది. అంతకుముందు 2021 సెప్టెంబరులోనే 120 కోట్ల రూపాయల ఉత్పత్తి ప్రోత్సాహక పథకం వచ్చి ఉంది. పెద్ద యంత్రాల స్థాయిలో, ఇజ్రాయెల్ సాంకేతికతతో హైదరాబాద్‌లో తయారైన దృష్టి-10 మానవరహిత విమానం 2024 జనవరిలో నౌకాదళానికి అందింది. చిన్న డ్రోన్ల విషయంలో మాత్రం, ఫలకం ఎక్కడిదైనా పేలోడ్ ఇక్కడిదే కావలసిన పరిస్థితి ఏర్పడింది.

ఇక పట్టికలోని అంకెల సంగతి. చాలా మాడ్యూళ్లు రెండు రూపాల్లో దొరుకుతాయి: సెకనుకు 9 చిత్రాలు ఇచ్చేది ఒకటి, 30 లేదా 60 ఇచ్చేది మరొకటి. ఫలకం చాలా సందర్భాల్లో ఒకటే. 9 అన్నది భౌతికశాస్త్రం గీసిన గీత కాదు. ఆయుధాలకు పనికివచ్చే సరుకు ఎగుమతులను అదుపుచేసే వాసెనార్ ఒప్పందంలోని హద్దు. భారతదేశం 2017 డిసెంబరులో ఆ ఒప్పందంలో చేరినా, వేగవంతమైన రూపాన్ని కొనేవాడికి అమ్మే దేశపు లైసెన్సు తంతు తప్పలేదు. 9 చిత్రాల రూపం మోస్తూ సెకనుకు 10 మీటర్ల వేగంతో సాగే డ్రోన్ ఒక చిత్రానికీ మరో చిత్రానికీ మధ్య మీటరుకు పైగా జరిగిపోతుంది. పొలాన్ని సర్వే చేయడానికి అది చాలు, పరుగెత్తే మనిషిని గింబల్‌తో వెంబడించడానికి చాలదు.

ఎత్తు విషయంలో చట్టమే లెన్సును నిర్ణయిస్తుంది. 2021 ఆగస్టు నాటి డ్రోన్ నియమాల ప్రకారం ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి లేకుండా ఎగరవచ్చు. విమానాశ్రయపు హద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య ఆ పరిమితి 200 అడుగులకు దిగుతుంది, 5–8 కిలోమీటర్ల మధ్య నేల మీది నుంచే అనుమతి కావాలి. వైమానిక స్థావరాల నీడలోని గౌడవెల్లి వంటి ఊళ్లలో పటం చూడకుండా లెన్సు కొనడం తెలివైన పని కాదు. 640×512 పిక్సెళ్లు, ఒక్కొక్కటి 12 మైక్రాన్లు ఉన్న ఫలకానికి 13 మిల్లీమీటర్ల లెన్సు తగిలిస్తే, 60 మీటర్ల ఎత్తున, అంటే దాదాపు 200 అడుగుల దగ్గర, ఒక్కో పిక్సెల్ నేల మీద సుమారు ఐదున్నర సెంటీమీటర్లను చూస్తుంది. అర మీటరు భుజాల మనిషి తొమ్మిది పిక్సెళ్లు ఆక్రమిస్తాడు. ఏదో ఉందని పసిగట్టడానికి రెండు, అది మనిషేనని పోల్చడానికి ఎనిమిది పిక్సెళ్లు కావాలన్న లెక్క 1958లో జాన్ జాన్సన్ వేసిన కొలతల నుంచి వచ్చింది. 120 మీటర్లకు లేస్తే ఆ తొమ్మిది నాలుగున్నరకు పడిపోతాయి: ఏదో ఉందని తెలుస్తుంది, మనిషో దూడో తెలియదు. ఎత్తు పెంచుకునే వీలున్నవాడు పొడుగు లెన్సు కొంటాడు, లేనివాడికి పొట్టి లెన్సే మేలు, చూసే వైశాల్యమూ పెరుగుతుంది.

లెన్సుకు మరో చరిత్ర ఉంది. మామూలు గాజు ఈ తరంగాలను రానివ్వదు కనుక జెర్మేనియం అనే అరుదైన మూలకంతో కటకాలు చేస్తారు. దాని ఎగుమతిపై చైనా 2023 ఆగస్టు 1 నుంచి లైసెన్సులు విధించాక, కాల్కోజినైడ్ గాజు వైపు చూపు మళ్లింది. జెర్మేనియానికి ఇంకో బలహీనత ఉంది: వేడెక్కితే దాని వక్రీభవన గుణం గణనీయంగా మారి చిత్రం మసకబారుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం గోదాము కప్పు మీద నిలిపి ఉంచిన డ్రోన్‌కు, తెల్లవారుజామున కుదిర్చిన ఫోకస్ సరిపోదు. ఉష్ణోగ్రత మారినా ఫోకస్ చెదరని లెన్సు కొంత బరువైనా ఈ ప్రాంతానికి అవసరమయ్యేది అందుకే. మాడ్యూల్ తనను తాను సరిదిద్దుకోవడానికి మధ్యమధ్య షట్టర్ మూసి, ఒక్క క్షణం చిత్రాన్ని స్తంభింపజేస్తుంది. వేడి త్వరగా మారే పూటల్లో ఆ టిక్కు చప్పుడు పదేపదే వినిపిస్తుంది.

గుర్తించగల కనిష్ఠ ఉష్ణోగ్రతా భేదం 50 మిల్లీకెల్విన్లకన్నా తక్కువ, అంటే డిగ్రీలో ఇరవయ్యో వంతుకన్నా తక్కువ అని పట్టికల్లో గొప్పగా ప్రకటిస్తారు. నాగ్ అనుభవం తెలిసినవారు ఆ అంకె పక్కనే గడియారాన్నీ చూస్తారు. సౌర పలకల్లో లోపాలు వెదకాలంటే ఎండ దండిగా ఉండాలి, అంతర్జాతీయ ప్రమాణం చదరపు మీటరుకు కనీసం 600 వాట్ల సూర్యకాంతిని అడుగుతుంది. ఆ పనికి ప్రతి పిక్సెల్‌కూ ఉష్ణోగ్రతను అంకెల్లో చెప్పగల ఖరీదైన మాడ్యూలే కావాలి. తప్పిపోయిన మనిషిని వెదికేవారికి ఆ అంకెలు అక్కరలేదు, నలుపు తెలుపుల తేడా చాలు. వారికి కావలసింది బండలు రాత్రంతా చల్లారి, సూర్యుడింకా లేవని గంట.