'మార్కస్ గార్వీ' రికార్డు పుట్టిన కథ

రెగే రికార్డులు పోగుచేసేవాళ్ల మధ్య 'మార్కస్ గార్వీ' ఎల్‌పీ ప్రస్తావన వస్తే ముందుగా అడిగేది "ఏ మిక్సు?" అనే. బర్నింగ్ స్పియర్ పాడిన ఈ 1975 నాటి ఆల్బమ్‌కు రెండు మిక్సులున్నాయి, అంటే గొంతులు, వాద్యాల పాళ్లను రెండు రకాలుగా కలిపిన రూపాలు. ఆ తేడా వెనుక పెద్ద కథే ఉంది.

జమైకా ఉత్తర తీరాన సెయింట్ ఆన్స్ బే అనే ఊరుంది. నల్లజాతి ఆత్మగౌరవం కోసం జీవితమంతా పోరాడిన మార్కస్ గార్వీ 1887లో అక్కడే పుట్టాడు. 1940లో లండన్‌లో కన్నుమూశాడు. తర్వాత అదే ఊళ్లో పుట్టిన విన్‌స్టన్ రాడ్నీ, కెన్యా నాయకుడు జోమో కెన్యాట్టా బిరుదును తన పేరుగా పెట్టుకుని బర్నింగ్ స్పియర్ అయ్యాడు. బాబ్ మార్లే సలహా మీద 1969లో కింగ్‌స్టన్ వెళ్లి, స్టూడియో వన్‌లో కాక్సన్ డాడ్ దగ్గర పాడడం మొదలుపెట్టాడు. అక్కడ చేసిన పాటలతో రెండు ఆల్బములు వచ్చాయి. గొప్ప పాటలే, కానీ పేరు తెచ్చింది అవి కాదు.

పేరు తెచ్చినవాడు జాక్ రూబీ. ఓచో రియోస్‌లో సౌండ్ సిస్టమ్ నడిపేవాడు. అంటే పెద్దపెద్ద స్పీకర్లు పెట్టి, ఆరుబయట జనాన్ని ఆడించే సంచార సంగీతం. బేసు గుండెను తాకకపోతే అక్కడ పాట నిలవదు. రాబీ షేక్‌స్పియర్, హార్స్‌మౌత్ వాలెస్, చిన్నా స్మిత్ వంటి హేమాహేమీలను కూర్చి, రూబీ ఆ చెవితోనే ఈ ఆల్బమ్ చేయించాడు. రూపర్ట్ విల్లింగ్టన్, డెల్రాయ్ హైండ్స్ వంతపాడారు. టైటిల్ పాట వినండి: బాకాలు పిలిచినట్టు మోగుతాయి, కింద బేసు నిదానంగా నడుస్తుంది, పైన రాడ్నీ గొంతు దాదాపు మంత్రం చదివినట్టు సాగుతుంది. మరచిపోయిన ఊరి పెద్దను జనానికి మళ్లీ గుర్తుచేస్తున్న గొంతు అది.

అప్పట్లో క్రిస్ బ్లాక్‌వెల్ నడుపుతున్న ఐలాండ్ రికార్డు కంపెనీ దీన్ని విదేశాల్లో విడుదల చేస్తూ, రాక్ శ్రోతలకు నచ్చేలా మిక్సు మార్చింది. కరకుదనం తగ్గింది, కొన్ని పాటల వేగం కూడా మారింది. రాడ్నీకి అది ఏమాత్రం నచ్చలేదు. తన పాట మీద తనకే పెత్తనం ఉండాలని స్పియర్ అనే సొంత లేబులు పెట్టుకున్నాడు. నా దృష్టిలో ఈ రికార్డు చరిత్రలో అసలు మలుపు ఇదే. 1976లో ఐలాండ్ 'గార్వీస్ ఘోస్ట్' పేరుతో దీని డబ్ రూపాన్ని, అంటే గొంతులు చాలావరకు తీసేసి వాద్యాలను ముందుకు తెచ్చిన రూపాన్ని, కూడా తెచ్చింది.

జమైకాలో ఫాక్స్ లేబుల్ మీద వచ్చిన రూబీ మిక్సు కోసమే సేకరణకర్తల వేట. చేతికొచ్చిన రికార్డు ఏ ముద్రణో తెలియాలంటే అట్టను నమ్మితే చాలదు. పాటలు అయిపోయాక, రికార్డు నడుమ అంటించిన కాగితం చుట్టూ మిగిలే నున్నటి భాగాన్ని వెలుతురుకు వాల్చి, అక్కడ గీకిన అంకెలు చదవాలి.

కొత్తగా మొదలుపెట్టేవారు ఐలాండ్ ప్రతితోనే మొదలుపెట్టండి, సులువుగా దొరుకుతుంది. కానీ అక్కడితో ఆగకండి. రూబీ మిక్సు ఎక్కడ దొరికినా వినండి. ఆ తర్వాత బర్నింగ్ స్పియర్ 1980 నాటి ఆల్బమ్ 'హెయిల్ హెచ్.ఐ.ఎం.' కొనండి.