ఛాయాచిత్రమున వెలుగు వలయములు

రాత్రివేళ పొలిమేరలో కదలాడు వెలుగును మన పెద్దలు కొరివిదయ్యమనిరి. పొలిమేరలలో విద్యుద్దీపములు వెలసిన పిదప ఆ వెలుగు కెమెరాలోనికి వచ్చి చేరినది.

కొంతకాలము క్రిందట ఒక గృహస్థు మాకొక ఛాయాచిత్రమును చూపెను. తల్లిగారి సంవత్సరీకముల నాటి రాత్రి పెరటిలో తీసిన చిత్రమది. తులసికోటపైన లేత చంద్రబింబములవంటి వెలుగు వలయములు మూడు నిలిచియున్నవి. “అమ్మ వచ్చినదని ఇంట అందరును అనుచున్నారు. మీరేమందురు?” అని ఆయన అడిగెను. వెంటనే బదులు చెప్పుటకు మాకు నోరాడలేదు.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1860 దశకారంభమున అమెరికాలోని బోస్టన్ నగరమున విలియం మమ్లర్ అను నగల చెక్కడపు పనివాడు, తాను తీసిన చిత్రములలో మృతుల రూపములు పడుచున్నవని ప్రకటించెను. అంతర్యుద్ధమున ఆత్మీయులను కోల్పోయినవారు ఆతని వాకిట నిలిచిరి. 1869లో న్యూయార్కున ఆతనిపై మోసపు అభియోగము నడచెను. ఒకే ఫలకముపై రెండు బింబములను ఎట్లు పడవేయవచ్చునో ఛాయాగ్రాహకులు సాక్ష్యమిచ్చిరి. కాని ఆతడు పన్నిన ఉపాయము ఋజువు కానందున విడువబడెను. 1865లో హత్యకు గురియైన అధ్యక్షుడు లింకన్ గారి భార్య మేరీ పిదప ఆతనిచేతనే చిత్రము తీయించుకొనెను. భర్త నీడ ఆమె భుజములపై చేతులుంచినట్లు అందు కలదు.

1922లో ఇంగ్లండున విలియం హోప్ అనువాని చిత్రములను హారీ ప్రైస్ పరీక్షించి, ఫలకములు మార్చబడినవని బయటపెట్టెను. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ మాత్రము హోప్ పక్షముననే నిలిచెను. ఆయన 1918లో కుమారుని కోల్పోయిన తండ్రి.

ఆ చిత్రముల వెనుక మోసగాడుండెను. మన గృహస్థు చిత్రము వెనుక ఎవ్వరును లేరు. మోసము లేనిచోట ఈ మాయ యెక్కడిది?

సమాధానము దీపపు చరిత్రలో నున్నది. 1887లో జర్మనీలో మీథె, గేడికె అనువారు మెగ్నీషియము కలిసిన మెరుపుపొడిని రూపొందించిరి. 1929 ప్రాంతమున ఫ్లాష్ బల్బు వచ్చెను. ఆ దీపములు కటకమునకు ఎడముగా వెలిగెడివి. 1990 తరువాత వ్యాపించిన చిన్న డిజిటల్ కెమెరాలలో దీపము కటకమునకు అంగుళము, రెండంగుళముల చేరువకు వచ్చెను. కెమెరా ముందు బెత్తెడు దూరమున తేలు దుమ్ముకణము గాని, నీటితుంపర గాని, ఆ వెలుగును నేరుగా కటకములోనికి త్రిప్పికొట్టును. వెలుగు దూరపు వర్గమును బట్టి తగ్గును గనుక, 3 మీటర్ల దూరమున నున్న గోడపై కంటె 10 సెంటీమీటర్ల దూరమున నున్న కణముపై అది 900 రెట్లు తీవ్రముగా పడును. అంత చేరువ వస్తువు స్పష్టముగా రాదు. బిందువు విప్పారి, కటకద్వారము వలెనే గుండ్రని బిళ్ళయగును.

ఆ గృహస్థుతో కలిసి అదే పెరటిలో, అదే కెమెరాతో మేము పరీక్షించితిమి. మొదటి చిత్రమున వలయములు లేవు. చాప నొకదానిని దులిపి మరల తీయగా, పదులకొలది పడెను. ఫ్లాష్ ఆర్పి, కెమెరాను బల్లపై కదలకుండ నిలిపి తీయగా, ఒక్కటియు లేదు. సంవత్సరీకముల నాడు బంధువుల కొరకు చాపలు దులిపి పరచిన సంగతి ఆయనకు అప్పుడు జ్ఞప్తికి వచ్చెను.

కిటికీ జాలకము గుండ వచ్చు ఎండలో మెరయు రేణువును మన ప్రాచీనులు త్రసరేణువనిరి. మనుస్మృతి దానిని కొలతలలో మొదటిదిగా పేర్కొన్నది. పగటి ఎండలో దానిని చూచి భయపడినవారు లేరు. చీకటిలో, అందును దుఃఖములో ఉన్నపుడు, అదియే మరియొకటిగా తోచును.

మమ్లర్ వాకిట నిలిచినవారు మూఢులు కారు, దుఃఖితులు. అట్టివారికి నిజమును మెల్లగా చెప్పవలెను. కాని చెప్పక మానరాదు. మనము చెప్పనిచో, ఆ వలయములకు అర్థము చెప్పి వెల పుచ్చుకొనువారు సిద్ధముగా నుందురు.

గృహస్థు కొంతసేపు మాటలాడలేదు. పిదప చిత్రమును మరల చేతికి తీసికొని, “ఈ తులసికోట కట్టించినది అమ్మయే” అనెను. అది నిజము. ఆ చిత్రము నేటికిని వారి యింటి గోడపై నున్నది.