ఆర్‌ఎస్‌ఐని కోడ్‌తో లెక్కించడం: ఒకే షేరుకు రెండు అంకెలు ఎందుకొస్తాయి?

వాట్సాప్ గ్రూపులో ఎవరో “ఆర్‌ఎస్‌ఐ 30 కిందికి వచ్చేసింది, ఇప్పుడే కొనండి” అని మెసేజ్ పెడతారు. ఇంట్లో పైథాన్ నేర్చుకుంటున్న కుర్రాడు అదే షేరుకు లెక్క వేస్తే 36 వస్తుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, లెక్కలో ఒక మెట్టు వేరుగా వేశారంతే. కానీ ఆ తేడా మీద డబ్బు పెట్టేస్తున్నారు. షేర్లలో ఏది హలాల్, ఏది కాదు అన్నది ఉలమాను అడగాల్సిన సంగతి. ఇక్కడ లెక్క వరకే చూద్దాం.

ఆర్‌ఎస్‌ఐ అంటే రిలేటివ్ స్ట్రెంగ్త్ ఇండెక్స్. అమెరికాకు చెందిన జె. వెల్స్ వైల్డర్ 1978లో తన పుస్తకంలో దీన్ని వివరించారు. 0 నుంచి 100 మధ్య ఉంటుంది. 70 దాటితే కొనుగోళ్లు మితిమీరాయని, 30 కన్నా తగ్గితే అమ్మకాలు మితిమీరాయని అంటారు.

ముందు రోజువారీ క్లోజింగ్ ధరల తేడాలు తీయాలి. పెరిగినవి లాభాల కింద, తగ్గినవి నష్టాల కింద రాయాలి. మొదటి 14 తేడాలకు మామూలు సగటు. ఆ తర్వాత ప్రతి రోజూ పాత సగటును 13తో గుణించి, ఈ రోజు అంకె కలిపి, 14తో భాగించాలి. కామర్స్ చదివినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. తరుగుదలలో రిటన్ డౌన్ వాల్యూ పద్ధతి లాగే పాత అంకె ప్రతిసారీ కొంత కరుగుతుంది. చివరికి సగటు లాభాన్ని సగటు లాభం, సగటు నష్టం కలిపిన మొత్తంతో భాగించి 100తో గుణిస్తే ఆర్‌ఎస్‌ఐ.

ఉదాహరణకు సగటు లాభం 2.10 రూపాయలు, సగటు నష్టం 1.40 అనుకోండి. ఆర్‌ఎస్‌ఐ 60. మర్నాడు షేరు 7 రూపాయలు పడింది. వైల్డర్ పద్ధతిలో సగటు లాభం 1.95, సగటు నష్టం 1.80 అవుతాయి. ఆర్‌ఎస్‌ఐ 52.

పాండాస్ లైబ్రరీలో ఈ సగటుకు ఈడబ్ల్యూఎం అనే ఫంక్షన్ వాడతారు. పొరపాటు ఎక్కువగా ఇక్కడే. 14 రోజులు కదా అని స్పాన్ 14 ఇచ్చేస్తారు. అప్పుడు కొత్త రోజుకు 14లో ఒక వంతు బదులు 15లో రెండు వంతుల బరువు పడుతుంది. పై ఉదాహరణలోనే 52 రావాల్సింది దాదాపు 46 వస్తుంది. ఆల్ఫాను 1/14గా, అడ్జస్ట్‌ను ఫాల్స్‌గా ఇవ్వాలి. నష్టాల ముందున్న మైనస్ గుర్తు తీయడం మర్చిపోతే అంకె 0-100 హద్దు దాటి ఎటో పోతుంది. అది నయం, తప్పు వెంటనే కనబడుతుంది. స్పాన్ తప్పు కనబడదు.

డేటా ఎంత వెనక్కి ఉందన్నదీ ముఖ్యమే. 20 తేడాలతోనే ముగిస్తే మొదటి సగటు ప్రభావం ఇంకా 64 శాతం మిగిలే ఉంటుంది. అందుకే కనీసం ఓ ఏడాది ధరలు తీసుకోవడం మంచిది. ఇంకోటి బోనస్ షేర్లు. ఒకటికి ఒకటి బోనస్ ఇస్తే 1,000 రూపాయల షేరు 500కు దిగుతుంది. ఎవరి జేబూ ఖాళీ కాలేదు, కానీ కోడ్‌కు అది 500 నష్టం. ఆర్‌ఎస్‌ఐ పాతాళానికి పడిపోతుంది. సర్దుబాటు చేసిన ధరలే వాడాలి.

లెక్క సరిగ్గా వచ్చినా పాత ధరల మీద పరీక్షించేటప్పుడు జాగ్రత్త. 2024 సెప్టెంబరులో సెబీ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి మూడేళ్లలో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. మరి ఇంట్లో రాసిన కోడ్‌లో మాత్రం లాభాలే కనబడితే అనుమానించాల్సిందే. ఈ రోజు క్లోజింగ్ ధరతో ఆర్‌ఎస్‌ఐ లెక్కించి, అదే ధరకు కొన్నట్టు రాసుకున్నారేమో చూడండి. మార్కెట్ మూసే దాకా ఆ ధర ఎవరికీ తెలియదు. షిఫ్ట్ అనే ఫంక్షన్‌తో సిగ్నల్‌ను ఒక రోజు ముందుకు జరిపి, బ్రోకరేజీ, పన్నులు తీసేసి మళ్లీ రన్ చేయాలి.