దారువునకు పూర్వసంస్కారము: కొండపల్లి శిల్పము, విద్యారణ్యుల దృష్టాంతము

భద్రాద్రి, ఖమ్మం అరణ్యసీమ టేకునకు పుట్టినిల్లు. పూర్వము ఈ అడవుల కలప తెప్పలుగా కట్టబడి గోదావరి మీదుగా రాజమహేంద్రవరము చేరెడిది. టేకునందు సహజతైలము కలదు. చెదలను, తేమను అది తానే అడ్డుకొనును.

ఖమ్మం జిల్లా దక్షిణపు ఎల్ల దాటి విజయవాడను సమీపించినచో కొండపల్లి కానవచ్చును. అచటి ఆర్యక్షత్రియ శిల్పులు బొమ్మలకై గ్రహించు తెల్లపొణికి టేకునకు విరుద్ధస్వభావము గలది. తేలికైనది, మృదువైనది, ఉలికి సులభముగా లొంగునది. కాని తేమను, రంగును పీల్చుకొనును. పూర్వసంస్కారము లేనిచో దానిపై వర్ణము నిలువదు.

అందుచే శిల్పులు మొదట కలపను సన్నని సెగపై కాచి తేమను హరింపజేయుదురు. అవయవములను వేర్వేరుగా చెక్కి, చింతగింజల పిండితో చేసిన జిగురుతో అతుకుదురు. ఆ జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దకు 'మక్కు' అని పేరు. సందులను మక్కుతో పూడ్చి, ఆరిన పిదప నునుపు చేసి, సున్నపు తెల్లపూత వేయుదురు. ఆపైననే మేకవెంట్రుకల కుంచెతో వర్ణలేపనము. పూర్వము వృక్షజములు, ఖనిజములైన వర్ణములుండెడివి. పిదప నూనెరంగులు, ఎనామెల్ రంగులు వచ్చినవి. పైపూత మారినను అడుగుపూత అవసరము తీరలేదు.

క్రీ.శ. 14వ శతాబ్దమునందలి విద్యారణ్యస్వామి పంచదశిలోని చిత్రదీపప్రకరణమును ఇట్టి దృష్టాంతముతోనే ఆరంభించెను. చిత్రపటమునకు నాలుగవస్థలు. ఉతికిన వస్త్రము ధౌతము. గంజి పట్టించినది ఘట్టితము. మసితో రేఖలు గీచినది లాంఛితము. వర్ణములు నింపినది రంజితము. పరమాత్మయందు ఇవి క్రమముగా చిత్తు, అంతర్యామి, సూత్రాత్మ, విరాట్టు. వస్త్రమునకు గంజి యెట్టిదో దారువునకు సున్నపుపూత అట్టిది.

ఆచార్యులు దీనిని పరమాత్మ విషయమున చెప్పినను, దారుసంస్కారక్రమము సాధకుని అంతఃకరణమునకును అన్వయించును. నిష్కామకర్మచే చిత్తమలము తొలగును. అది తేమను కాచుట వంటిది. ఉపాసనచే విక్షేపము శమించును. అది సందులను పూడ్చుట వంటిది. అటుపిమ్మట శ్రవణము చేసిన మహావాక్యార్థము చిత్తమున నిలుచును. ఈ రెండును లేక విన్న వేదాంతము పచ్చికలపపై పూసిన రంగు.

నేడు కొండపల్లి పరిసరారణ్యములలో పొణికి అరుదగుచున్నది. వృక్షమే లేనిచో శిల్పి దశావతారములను దేనియందు దర్శింపజేయగలడు? సంక్రాంతి కొలువున ఆ మూర్తులను నిలుపు భక్తునికి ఒక పొణికి మొక్కను నాటి పెంచుటయు పూజాంగమే.