కణాలకు దారిచూపే కెమోకైన్ గ్రాహకాలు

శరీరంలో గాయమైనా, సూక్ష్మజీవి ప్రవేశించినా అక్కడి కణాలు కెమోకైన్లు అనే చిన్న ప్రొటీన్లను విడుదల చేస్తాయి. బెల్లం వాసనకు చీమలు బారులు తీరినట్లు, తెల్లరక్తకణాలు వాటి జాడ పట్టి ఆ చోటికి చేరుకుంటాయి. ఆ జాడను పసిగట్టేవి కణాల ఉపరితలంపై ఉండే కెమోకైన్ గ్రాహకాలు. మానవులలో ఇవి సుమారు 20 రకాలు. ఈ పిలుపు దారితప్పినప్పుడు రక్షణ వ్యవస్థే వ్యాధికి తోడ్పడుతుంది.

కీళ్లవాతం

రుమటాయిడ్ కీళ్లవాతంలో కీళ్ల లోపలి పొర నుంచి కెమోకైన్లు నిరంతరం వెలువడతాయి. అక్కడ పోగైన తెల్లరక్తకణాలు సొంత కీళ్లనే దెబ్బతీస్తాయి. గ్రాహకాలను అడ్డుకునే మందులు ఈ వ్యాధిలో ఆశించిన ఫలితమివ్వలేదు. తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న మెథోట్రెక్సేట్ నేటికీ ఈ వ్యాధికీ, కొన్ని క్యాన్సర్లకూ ప్రధాన ఔషధమే.

హెచ్.ఐ.వి.

ఈ వైరస్ కణంలోకి ప్రవేశించడానికి సీసీఆర్–5 అనే గ్రాహకాన్ని ద్వారంగా వాడుకుంటుందని 1996లో తేలింది. ఆ ద్వారాన్ని మూసే మరావిరాక్ అనే మందుకు 2007లో అమెరికా అనుమతి లభించింది. రక్త క్యాన్సర్ సోకిన టిమోతీ రే బ్రౌన్‌కు అదే ఏడాది బెర్లిన్‌లో, సీసీఆర్–5 పనిచేయని దాత మూలకణాలను మార్పిడి చేయగా హెచ్.ఐ.వి. తొలగిపోయింది. అయితే అటువంటి దాతలు భారతీయులలో అత్యంత అరుదు. ఆ చికిత్స ప్రాణాపాయకరం కూడా. కనుక నిత్యం వేసుకునే ఏ.ఆర్.టి. మాత్రలే ఆధారం. ప్రభుత్వం వీటిని 2004 నుంచి ఉచితంగా ఇస్తోంది. బళ్లారి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనూ ఈ కేంద్రం ఉంది. పనులకై రాష్ట్రం దాటి వలసవెళ్లే కుటుంబాలు ముందుగా తమ కేంద్రంలో బదిలీ పత్రం తీసుకుంటే, వెళ్లినచోట చికిత్స ఆగదు.

క్యాన్సర్

రొమ్ము క్యాన్సర్ కణాలపై సీఎక్స్‌సీఆర్–4, సీసీఆర్–7 గ్రాహకాలు అధికంగా ఉంటాయని 2001లో వెల్లడైంది. వాటిని ఆకర్షించే కెమోకైన్లు లింఫు గ్రంథులు, ఊపిరితిత్తులు, కాలేయం, ఎముక మజ్జలలో సమృద్ధిగా ఉంటాయి. ఈ క్యాన్సర్ తరచుగా ఆయా అవయవాలకే పాకడానికి ఇదొక కారణం.

సీసీఆర్–4ను లక్ష్యంగా చేసుకొనే మొగాములిజుమాబ్‌కు 2012లో జపాన్ అనుమతినిచ్చింది. అది కొన్ని అరుదైన రక్త, చర్మ క్యాన్సర్లకే పరిమితం. రొమ్ము క్యాన్సర్ ప్రయాణాన్ని ఈ మార్గంలో ఆపే మందు ఇంకా వాడుకలోకి రాలేదు. అందువల్ల కణాలు బయలుదేరక మునుపే వ్యాధిని గుర్తించడం ముఖ్యం. రొమ్ములోగాని, చంకలోగాని గడ్డ తగిలితే, నొప్పి లేదని ఉపేక్షించక వెంటనే వైద్యుని సంప్రదించాలి. ఉన్నత చికిత్సకు బెంగళూరులో కిద్వాయి క్యాన్సర్ సంస్థ ఉంది.